పాత ఐటీ రిటర్నుల కాపీలు: తీసుకోవడం, తెరవడం, ముద్రించుకోవడం

పోయిన వేసవిలో మా వీధిలో ఉండే ఒక అక్క ప్లాస్టిక్ కవరు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. భర్త రోడ్డు ప్రమాదంలో పోయి అప్పటికి మూడు నెలలు. ఆయనకు చిన్న హార్డ్‌వేర్ కొట్టు ఉండేది. నష్టపరిహారం కేసు వేయాలంటే ఆయన ఆదాయానికి ఆధారంగా గత మూడేళ్ల ఐటీ రిటర్నులు తెమ్మని వకీలు గారు చెప్పారట. కవరు తీసి చూస్తే పాన్ కార్డు జిరాక్సు, రెండు బీమా రసీదులు, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయిన ఒక పాత అక్నాలెడ్జ్‌మెంటు ఉన్నాయి. "అన్నీ ఆడిటర్ గారే చూసుకునేవారండీ, కాగితాలు ఆయన దగ్గరే ఉండేవి" అన్నారు. ఆ ఆడిటర్ గారు ఆఫీసు మూసేసి ఊరు మారిపోయారు. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఉన్న ఫోను నంబరు ఆయనదే, ఈమెయిలూ ఆయనదే.

ఆ రిటర్నులు చివరకు దొరికాయి. కానీ పది నిమిషాల్లో అయ్యే పనికి నెలన్నర పట్టింది. అందుకే ఈ వివరాలన్నీ రాస్తున్నాను. మీరు కట్టిన పన్ను మీది, వేసిన రిటర్ను మీది. దాని తాళం కూడా మీ చేతిలోనే ఉండాలి. ఇల్లు కట్టుకోవడానికి అప్పు అడిగినప్పుడో, పిల్లల చదువుకు వీసా పెట్టుకున్నప్పుడో వెతుకులాట మొదలుపెట్టడం కన్నా, ఈ ఆదివారం ఒక గంట కూర్చొని తీసిపెట్టుకోవడం ఎంతో మేలు.

ముందు ఏ కాగితం కావాలో తేల్చుకోండి

"ఐటీ రిటర్నులు తీసుకురండి" అని ఎవరైనా అన్నప్పుడు, ఏ కాగితమో అక్కడే అడిగి తెలుసుకోండి. ఒకే పేరుతో నాలుగైదు రకాల కాగితాలు వాడుకలో ఉన్నాయి.

మొదటిది అక్నాలెడ్జ్‌మెంటు. ఒకే పేజీ. పైన మీ పేరు, పాన్, అసెస్‌మెంట్ సంవత్సరం, 15 అంకెల అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఉంటాయి. మధ్యలో మొత్తం ఆదాయం, పన్ను, రీఫండు అంకెలు, కింద బార్‌కోడు ఉంటాయి. చాలా చోట్ల అడిగేది దీన్నే. రిటర్ను వేసి వెరిఫై చేయకుండా, అంటే వేసింది మీరేనని నిర్ధారించకుండా వదిలేస్తే ఇదే కాగితం ఐటీఆర్-వి పేరుతో వస్తుంది. ఆ 'వి' అంటే వెరిఫికేషన్. రోమన్ అంకె అనుకొని దాన్ని ఐదో నంబరు ఫారంగా పొరబడేవాళ్లున్నారు, ఆ ఐదో నంబరు ఫారం భాగస్వామ్య సంస్థలు వంటివాటికి సంబంధించినది.

రెండోది పూర్తి రిటర్ను ఫారం. జీతం మాత్రమే ఉన్నవారి ఐటీఆర్-1 కొద్ది పేజీలతో ముగుస్తుంది. వ్యాపారం చేసేవారి ఐటీఆర్-3 పదుల పేజీలు ఉంటుంది, అందులో చాలావరకు సున్నాలే. ఎవరూ అడగకుండా దాన్ని ముద్రించి కాగితం వృథా చేయకండి.

మూడోది ఇంటిమేషన్. మీ రిటర్నును ఆదాయపు పన్ను శాఖ పరిశీలించి, మీ లెక్క ఇది, మా లెక్క ఇది అని రెండు వరుసల్లో చూపిస్తూ 143(1) సెక్షన్ కింద పంపే ఉత్తర్వు. బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం నుంచి వస్తుంది. రిటర్ను వేశారనడానికి అక్నాలెడ్జ్‌మెంటు సాక్ష్యమైతే, శాఖ దాన్ని ప్రాసెస్ చేసిందనడానికి ఇది సాక్ష్యం. అప్పులిచ్చే సంస్థలు కొన్ని దీన్ని కూడా అడుగుతాయి. ఎవరూ అడగకపోయినా దాచుకోవలసిన కాగితమని నా అభిప్రాయం.

నాలుగోది కంప్యుటేషన్, అంటే ఆదాయం ఎలా లెక్క కట్టారో చూపించే పత్రం. ఇది పోర్టల్‌లో దొరకదు. మీ ఆడిటర్ తన సాఫ్ట్‌వేర్ నుంచి తీసి ఇవ్వాలి. వ్యాపారస్తులు గృహ రుణానికి వెళితే మూడేళ్ల అక్నాలెడ్జ్‌మెంట్లతో పాటు కంప్యుటేషన్, లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీటు కూడా అడుగుతారు. అందువల్ల రిటర్ను వేసిన రోజే వాటిని కూడా ఆడిటర్ దగ్గర అడిగి తెచ్చుకోండి.

ఉద్యోగులు ఎక్కువగా పొరబడేది ఫారం 16 దగ్గర. అది యజమాని ఇచ్చే టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసిన పన్ను) ధ్రువపత్రం, రిటర్ను కాదు. ఫారం 16 చేతికొచ్చింది కాబట్టి రిటర్ను వేసినట్టే అనుకొని ఏళ్ల తరబడి వేయకుండా ఉండిపోయినవారిని నేను చూశాను. వేయని రిటర్నుకు కాపీ ఎక్కడి నుంచి వస్తుంది?

సంవత్సరం దగ్గర జాగ్రత్త

2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 దాకా సంపాదించినది 2023-24 ఆర్థిక సంవత్సరపు ఆదాయం. దాని రిటర్ను 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం కింద ఉంటుంది. పోర్టల్‌లో కనిపించేది ఈ రెండోదే. బ్యాంకు "2023-24 రిటర్ను" అని అడిగితే ఆర్థిక సంవత్సరమా, అసెస్‌మెంట్ సంవత్సరమా అని తప్పకుండా అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగనందుకు రెండోసారి తిరిగినవాళ్లు చాలామంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో అసెస్‌మెంట్ సంవత్సరం అనే మాట పోయి, 'ట్యాక్స్ ఇయర్' అనే ఒకే మాట వస్తుంది. పాత రిటర్నులు మాత్రం పాత లెక్కలోనే ఉంటాయి.

కాపీలు దించుకునే పద్ధతి

కంప్యూటర్ ముందు కూర్చోండి. ఫోనులోనూ అవుతుంది కానీ ముద్రించుకోవడానికి కంప్యూటరే సులువు. పాన్ కార్డు, మీ ఫోను దగ్గర పెట్టుకోండి.

1. బ్రౌజరులో 'ఇన్‌కంట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్' అని చిరునామా మీరే టైపు చేయండి. ఎవరో పంపిన సందేశంలోని లింకు నొక్కి వెళ్లకండి. రీఫండు వచ్చిందంటూ వచ్చే నకిలీ లింకులతో మోసపోయేవాళ్లు ఏటా ఉంటున్నారు. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూసుకున్నాకే ముందుకు వెళ్లండి. ఈ పోర్టల్ 2021 జూన్ 7న మొదలైంది. అంతకుముందు పాత పోర్టల్‌లో వేసిన రిటర్నులు కూడా ఇందులోనే కనిపిస్తాయి.

2. కుడివైపు పైన ఉన్న 'లాగిన్' నొక్కండి. యూజర్ ఐడీ అంటే మీ పాన్ నంబరే. తరువాతి పేజీలో 'సెక్యూర్ యాక్సెస్ మెసేజ్' పక్కనున్న గడిలో టిక్కు పెట్టి, పాస్‌వర్డు ఇవ్వండి.

3. లోపలికి వెళ్లాక పై వరుసలో 'ఈ-ఫైల్' ఉంటుంది. దాని కింద 'ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్స్', అందులో 'వ్యూ ఫైల్డ్ రిటర్న్స్' నొక్కండి.

4. మీరు ఆన్‌లైన్‌లో వేసిన రిటర్నులు ఏడాదికొక పెట్టె చొప్పున వరుసగా వస్తాయి. కొత్తవి పైన, పాతవి కింద. ఎక్కువ ఏళ్లవి ఉంటే 'ఫిల్టర్' నొక్కి కావలసిన అసెస్‌మెంట్ సంవత్సరం ఎంచుకోవచ్చు.

5. ఒక్కో పెట్టెలో 'డౌన్‌లోడ్ రిసీట్' అంటే అక్నాలెడ్జ్‌మెంటు. 'డౌన్‌లోడ్ ఫారం' అంటే పూర్తి రిటర్ను. 'డౌన్‌లోడ్ ఇంటిమేషన్ ఆర్డర్' అంటే 143(1) ఉత్తర్వు. జేసన్ అనే ఫైలు కూడా ఉంటుంది. అది సాఫ్ట్‌వేర్ చదువుకునే ఫైలు, ముద్రించడానికి పనికిరాదు. ఆడిటర్‌ను మార్చినప్పుడు కొత్తాయనకు ఇవ్వడానికి పనికొస్తుంది కాబట్టి దాన్నీ దించి పెట్టుకోండి.

నొక్కినా ఏమీ రాకపోతే బ్రౌజరు పాప్-అప్‌లను ఆపేసిందేమో చూడండి. చిరునామా గడి చివర చిన్న గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కి అనుమతిస్తే ఫైలు దిగుతుంది. జులై నెలాఖరులో రిటర్నుల గడువు దగ్గర పడే రోజుల్లో పోర్టల్ నెమ్మదిస్తుంది. ఆ రోజుల్లో ఈ పని తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయాకో పెట్టుకోండి.

పెట్టెలో ఉన్న స్థితిని కూడా ఒకసారి చదవండి. ఒకే ఏడాదికి రెండు రిటర్నులు కనిపిస్తే మొదటిదాన్ని తరువాత సవరించారన్నమాట. అప్పుడు సవరించిన రిటర్నే లెక్కలోకి వస్తుంది, దాని కాపీనే ఇవ్వాలి. వెరిఫికేషన్ పెండింగులో ఉందని చూపిస్తే మాత్రం ఆ రిటర్ను చెల్లుబాటు కానట్టే. 2022 ఆగస్టు 1 నుంచి వేసిన రిటర్నులను 30 రోజుల్లోపు వెరిఫై చేయాలి. అంతకుముందు 120 రోజుల గడువు ఉండేది. అలాంటి కాగితాన్ని బ్యాంకుకు ఇచ్చి నెట్టుకురావాలని చూడకండి. ఆలస్యానికి కారణం చెప్పి మన్నించమని కోరే వీలు పోర్టల్‌లోనే ఉంది. ముందు ఆ పని చూడండి.

ఫైలు తెరుచుకోకపోతే

ఇంటిమేషన్ ఫైలు తెరవబోతే పాస్‌వర్డు అడుగుతుంది. ఈమెయిలుకు వచ్చిన అక్నాలెడ్జ్‌మెంటు కూడా అలాగే అడగవచ్చు. ఇది మీ లాగిన్ పాస్‌వర్డు కాదు. పాన్ నంబరు చిన్న అక్షరాల్లో రాసి, దాని వెంటనే పుట్టిన తేదీని ఎనిమిది అంకెల్లో చేర్చాలి. ఉదాహరణకు పాన్ ఏబీసీడీఈ1234ఎఫ్, పుట్టిన తేదీ 1968 జులై 5 అనుకుందాం. పాన్‌లోని అక్షరాలను ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టి, మధ్యలో 1234 యథాతథంగా ఉంచి, చివర 05071968 చేర్చాలి. మధ్యలో ఖాళీ గానీ, గీత గానీ ఉండకూడదు. పాన్ కార్డు మీద పెద్ద అక్షరాలే ఉంటాయి కాబట్టి చేయి అలవాటుగా పెద్ద అక్షరాల మీదికే పోతుంది. పదిమందిలో తొమ్మిదిమంది ఆగిపోయేది ఇక్కడే.

పదో మనిషి ఆగిపోయే చోటు వేరు. మన ఇళ్లలో పెద్దవాళ్లకు రెండు పుట్టిన తేదీలుంటాయి. ఒకటి అమ్మమ్మ చెప్పిన తిథి ప్రకారం లెక్క కట్టినది, రెండోది బళ్లో చేర్చిన రోజున మాస్టారు రాసినది. జులై 1న పుట్టినట్టు రికార్డుల్లో ఉన్నవాళ్లు ప్రతి బంధువర్గంలోనూ కనిపిస్తారు. ఇక్కడ పనిచేసేది పాన్ కార్డు మీద ముద్రించిన తేదీ మాత్రమే. మా నాన్నగారి ఇంటిమేషన్ తెరవడానికి నేను అరగంట ఆయన అసలు పుట్టినరోజు కొడుతూ కూర్చున్నాను. కార్డు తీసి చూస్తే వేరే తేదీ ఉంది. అది కొట్టగానే తెరుచుకుంది. భాగస్వామ్య సంస్థ, కంపెనీ అయితే పుట్టిన తేదీ స్థానంలో అది ఏర్పడిన తేదీ వేయాలి.

తెరిచాక, ప్రింటు ఎంపికల్లో ప్రింటరు బదులు 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకొని ఇంకో కాపీ చేసుకుంటే దానికి పాస్‌వర్డు ఉండదు. ముద్రించడానికి ఆ కాపీ తీసుకెళ్లండి. అసలు ఫైలును చెరపకండి.

ముద్రించేటప్పుడు

ఏ4 కాగితం, ఒకవైపే. రెండువైపులా ముద్రిస్తే బ్యాంకులో స్కాన్ చేసేటప్పుడు వెనుక పేజీ తప్పిపోతుంది, మళ్లీ ఫోను చేసి పిలుస్తారు. నలుపు తెలుపు చాలు, రంగు అక్కర్లేదు. అంచులు తెగిపోకుండా 'ఫిట్ టు పేజ్' పెట్టండి. ఒక కాగితం మీద రెండు పేజీలు పట్టించి బార్‌కోడును కుదించకండి. కింద 'స్వయంగా ధ్రువీకరించినది' అని సంతకం, తేదీ పెట్టమని అడుగుతారు. ఒరిజినల్ ప్రింటు మీద పెట్టకుండా జిరాక్సు మీద పెట్టండి. అమెరికా వీసా ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లల కోసం తల్లిదండ్రుల రిటర్నులు తీస్తుంటే మూడేళ్ల అక్నాలెడ్జ్‌మెంట్లు సంవత్సరాల వరుసలో పెట్టి, వెనుక బ్యాంకు పత్రాలు పెట్టండి. అవి ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి అనువాదాలతో పని లేదు.

ఇంట్లో ప్రింటరు లేని చాలామందికి దిక్కు వీధి చివర నెట్ సెంటరే. ఆ చిన్న అక్నాలెడ్జ్‌మెంటులోనే మీ పాన్, ఇంటి చిరునామా, ఆదాయం ఉంటాయి. పూర్తి ఫారంలో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉంటాయి. అలాంటి ఫైలును సెంటరు వాళ్ల వాట్సాప్ నంబరుకు పంపేస్తే అది వాళ్ల ఫోనులో ఎన్నాళ్లు ఉంటుందో మనకు తెలియదు. పెన్‌డ్రైవులో వేసుకొని వెళ్లండి. ప్రింటు తీశాక ఆ కంప్యూటర్‌లోకి కాపీ అయిన ఫైలును మీ కళ్ల ముందే డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. తప్పనిసరై అక్కడే లాగిన్ కావలసి వస్తే, పాస్‌వర్డు దాచనా అని బ్రౌజరు అడిగినప్పుడు వద్దనండి. లేచేటప్పుడు లాగౌట్ కొట్టండి. ఓటీపీ బిగ్గరగా చదివి చెప్పకుండా మీరే టైపు చేయండి. సెంటరులో కూర్చునే కుర్రాడు మంచివాడే కావచ్చు, కానీ ఆ కుర్చీలో రోజుకు పదిమంది కూర్చుంటారు.

పాస్‌వర్డు గుర్తు లేదు, ఫోను నంబరు మీది కాదు

అసలు చిక్కు ఇదే. మన ఊళ్లలో రిటర్నులు ఎక్కువగా ఆడిటర్లో, పన్ను సలహాదారులో వేస్తారు. ఓటీపీ కోసం ప్రతిసారీ మీకు ఫోను చేయడం ఇబ్బందని తమ నంబరే పెట్టేస్తారు. వారి తొందర వారిది, అందులో దురుద్దేశం ఉండదు. కానీ నోటీసు వచ్చినా, రీఫండు ఆగినా, ఆ సందేశం మీకు చేరదు.

ఇలా చేయండి. లాగిన్ పేజీలో పాన్ ఇచ్చాక 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' కనిపిస్తుంది. అది నొక్కితే ఎలా నిరూపించుకుంటారని కొన్ని దారులు చూపిస్తుంది. పోర్టల్‌లో నమోదైన ఫోనుకు ఓటీపీ అనేది ఒకటి. అది ఆడిటర్ గారికి పోతుంది కాబట్టి వదిలేయండి. ఆధార్ ఓటీపీ ఎంచుకోండి. ఇది ఆధార్‌కు అనుసంధానమైన ఫోనుకు వస్తుంది, పోర్టల్‌లో ఎవరి నంబరున్నా సంబంధం లేదు. మీ పాన్, ఆధార్ అనుసంధానమై ఉంటే చాలు. ఆ ఓటీపీ ఇచ్చి కొత్త పాస్‌వర్డు పెట్టుకోండి: 8 నుంచి 14 అక్షరాలు, అందులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, ప్రత్యేక గుర్తు ఒక్కొక్కటైనా ఉండాలి.

ఆధార్‌కు ఫోను నంబరు లేకపోతే ఇంకో దారి ఉంది, నెట్ బ్యాంకింగ్. లాగిన్ పేజీ కిందిభాగంలో మీ బ్యాంకును ఎంచుకొని, బ్యాంకు వెబ్‌సైటులోకి వెళ్లి, అక్కడి నుంచి ఆదాయపు పన్ను లింకు నొక్కితే పాస్‌వర్డు లేకుండానే నేరుగా మీ ఖాతాలోకి చేరతారు. ఖాతాకు పాన్ జతై ఉండాలి. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి సిమ్ము ఆగిపోయినవారికి చాలా అక్కరకొచ్చే దారి ఇది. విదేశాలకు వెళ్లబోతున్నవారు సిమ్ము వదిలేసే ముందే పోర్టల్‌లో తమ ఈమెయిలు ఉందో లేదో చూసుకోవాలి.

లోపలికి వెళ్లగానే మొదట చేయవలసిన పని కాపీలు తీయడం కాదు. కుడివైపు పైన మీ పేరు నొక్కి 'మై ప్రొఫైల్' తెరిచి, సంప్రదింపు వివరాల్లో మీ ఫోను, మీ ఈమెయిలు పెట్టండి. కొత్త నంబరుకు, కొత్త ఈమెయిలుకు ఓటీపీలు వస్తాయి, 15 నిమిషాల్లోపు వాడుకోవాలి. ఆడిటర్ గారి నంబరును రెండో సంప్రదింపు నంబరుగా ఉంచుకోవచ్చు. మార్చిన సంగతి ఆయనకు ఫోను చేసి మర్యాదగా చెప్పండి. "ఓటీపీ ఎప్పుడు కావాలన్నా నేనే చెబుతానండీ" అంటే ఎవరూ కాదనరు.

ఎక్కడా కుదరకపోతే శాఖ సహాయ కేంద్రానికి ఫోను చేయండి: 1800 103 0025 లేదా 1800 419 0025.

పోయినవారి రిటర్నులు కావాలంటే

మొదట చెప్పిన అక్కకు కావలసింది ఇదే. చనిపోయినవారి ఫోను ఇంట్లోనే ఉంటే, ఓటీపీ దానికే వస్తుంది కదా అని ఆయన పాన్‌తో లాగిన్ అయిపోతారు చాలామంది. అలా వద్దు. వారసులుగా నమోదు కావడానికి పోర్టల్‌లోనే సరైన దారి ఉంది, రేపు కోర్టులో ఎవరు ప్రశ్నించినా నిలబడే దారి అదే.

వారసులకు సొంత పాన్, పోర్టల్‌లో సొంత ఖాతా ఉండాలి. ఆ అక్కకు పాన్ ఉంది కానీ ఎప్పుడూ రిటర్ను వేయలేదు, అందువల్ల ముందు 'రిజిస్టర్' నొక్కి ఆమె పేరున, ఆమె ఫోను నంబరుతో ఖాతా తెరిచాం. తరువాత 'ఆథరైజ్డ్ పార్ట్‌నర్స్' కింద 'రిజిస్టర్ యాజ్ రిప్రజెంటేటివ్ అసెసీ' తెరిచి, కొత్త అభ్యర్థన పెట్టి, మరణించినవారి వారసులు అనే కోవ ఎంచుకోవాలి. ఆయన పాన్, పేరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ ఇవ్వాలి. ఆయన పాన్ కార్డు, మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వానికి రుజువు స్కాన్ చేసి జత చేయాలి. కోర్టు ఇచ్చిన వారసత్వ పత్రమే కావాలని లేదు. మీసేవలో దరఖాస్తు చేసుకుంటే తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చాలు. రిజిస్టరు చేసిన వీలునామా, ప్రభుత్వం ఇచ్చిన కుటుంబ పింఛను పత్రం, నామినీ ఎవరో తెలుపుతూ బ్యాంకు ఇచ్చిన లేఖ కూడా చెల్లుతాయి.

మాకు నెలన్నర పట్టింది ఈ ధ్రువపత్రాల దగ్గరే. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు ఒక పొడి అక్షరమై, పేరులో ఒక అక్షరం కూడా మారింది. ఆ తప్పు దిద్దించుకొని, దాని ఆధారంగా కుటుంబ సభ్యుల పత్రం తెచ్చుకొని, అప్పుడు పోర్టల్‌లో పెట్టాం. అభ్యర్థన శాఖ పరిశీలనకు వెళుతుంది. ఆమోదం పొందాక వారసుల ఫోనుకు, ఈమెయిలుకు సమాచారం వస్తుంది. ఆ తరువాత సొంత లాగిన్‌లోనే ఉండి పోయినవారి ఖాతాకు మారవచ్చు. అక్కడ 'వ్యూ ఫైల్డ్ రిటర్న్స్' మామూలుగానే పనిచేస్తుంది. కుటుంబంలో ఎవరైనా పోయినప్పుడు, మరణ ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు రాసేటప్పుడే పాన్, ఆధార్ కార్డులు పక్కన పెట్టుకొని పేరు అక్షరం అక్షరం సరిచూసి రాయించండి. ఆ బాధలో ఇది ఎవరికీ తట్టదు. తోడుగా ఉన్న బంధువులు గుర్తు చేయాలి.

పోయినవారికి మరణించిన రోజు వరకు వచ్చిన ఆదాయానికి రిటర్ను వేయవలసిన బాధ్యత వారసులదే. ఇదే నమోదుతో ఆ పని కూడా పూర్తి చేయవచ్చు.

కాగితం మీద వేసిన పాత రిటర్నులు

వ్యక్తుల ఆదాయం పది లక్షలు దాటితే ఆన్‌లైన్‌లోనే వేయాలన్న నిబంధన 2012-13 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, ఐదు లక్షలు దాటితే అన్నది 2013-14 నుంచి వచ్చాయి. అంతకుముందు చాలామంది కాగితాల మీద రాసి ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తెచ్చుకునేవారు. అవి పోర్టల్‌లో ఉండవు. కావాలంటే మీ పరిధిలోని అసెసింగ్ ఆఫీసరుకు (ఏఓ, అంటే మీ రిటర్నులు చూసే పన్ను అధికారి) దరఖాస్తు పెట్టి ధ్రువీకరించిన నకలు కోరాలి. పోర్టల్ మొదటి పేజీలోనే 'నో యువర్ ఏఓ' అనే సేవ ఉంది. లాగిన్ కాకుండానే పాన్, ఫోను నంబరు ఇస్తే మీ అధికారి ఎవరో, ఏ వార్డో చెబుతుంది. దరఖాస్తులో పాన్, ఏ సంవత్సరానిది, ఎందుకు కావాలి అనేవి రాసి, పాత రసీదు జిరాక్సు ఉంటే జత చేసి, మీ దగ్గరుంచుకునే నకలు మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.

ఇంత పాత రికార్డు దొరకకపోతే ఫారం 26ఏఎస్ కొంత ఆదుకుంటుంది. 'ఈ-ఫైల్' కిందే ఉంటుంది, 2009-10 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచీ చూడవచ్చు. ఎవరు మీకు ఎంత చెల్లించి ఎంత పన్ను కోశారో, మీరు సొంతంగా ఎంత కట్టారో అందులో ఉంటుంది. అది రిటర్ను కాదు, కానీ ఆ ఏడాది ఆదాయానికీ పన్నుకూ ఒక ఆధారం.

దాచుకోవడం

దించిన ఫైళ్లకు పోర్టల్ పెట్టే పేర్లు అంకెల గొలుసులా ఉంటాయి, పదేళ్లవి ఒకచోట చేరితే ఏది ఏదో పోల్చుకోలేం. దించిన వెంటనే '2024-25 అక్నాలెడ్జ్‌మెంటు, నాన్న' అన్నట్టు పేరు మార్చండి. ఏడాదికొక ఫోల్డరు, అందులో అక్నాలెడ్జ్‌మెంటు, పూర్తి ఫారం, ఇంటిమేషన్, కంప్యుటేషన్, ఫారం 16, 26ఏఎస్. షేర్లలోనో వ్యాపారంలోనో వచ్చిన నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు తరువాతి సంవత్సరాలకు మోసుకుపోవచ్చు కాబట్టి అలాంటివారు పాత ఫైళ్లను అసలు తీసేయకూడదు. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఇంకోటి పెన్‌డ్రైవులో ఉంచండి. అక్నాలెడ్జ్‌మెంట్ల ప్రింట్లు మాత్రం ఒక ఫైలులో పెట్టి, ఇంటి దస్తావేజులుండే బీరువాలోనే ఉంచి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చూపించండి. చూపించేటప్పుడు మీ పాన్ కార్డు మీదున్న పుట్టిన తేదీ ఏదో కూడా చెప్పండి.